రాచా లోయ ద్రాక్షలు: అలెక్సాండ్రౌలీ, ముజురెతూలీ, ఇంకా వాటి పొరుగువి

#1 మల్లెతీగ

అందరికీ నమస్కారం. ఈ వేదికలో జార్జియా వైన్ గురించి పాత చర్చలన్నీ చదివాను. సపెరవి, ర్కత్సితేలి అనే ద్రాక్షలు, కఖేతి ప్రాంతం దగ్గరే మాట ఆగిపోతోంది. ఆ దేశంలో ద్రాక్షతోటల్లో ఎక్కువ భాగం తూర్పున కఖేతిలోనే ఉంది కాబట్టి అది సహజమే. కానీ పడమటి కొండల్లో రాచా అనే చిన్న ప్రాంతం ఉంది. దానికి ఒక చర్చ విడిగా ఉండాలని నా కోరిక.

నేను హైదరాబాద్‌లో హోటల్ రంగంలో, వైన్ విభాగంలో పనిచేస్తున్నాను. గత అక్టోబరులో కోతల సమయానికి అక్కడికి వెళ్ళాను.

ఉత్తరాన కాకసస్ పర్వతాలు, దక్షిణాన రాచా కొండల వరుస, మధ్యలో రియోని నది. నదికి కుడి ఒడ్డున, దక్షిణానికి తిరిగి ఉన్న సున్నపురాతి వాలుల మీద తోటలుంటాయి. ముఖ్యపట్టణం అంబ్రొలౌరి. ఖ్వాంచ్‌కారా, సద్మెలి, చ్రెబాలో, బుగేఉలి, తోలా లాంటి పల్లెలన్నీ ఆ చుట్టుపక్కలే.

ఇక్కడ రెండు నల్ల ద్రాక్షలు కలుస్తాయి. ఒకటి అలెక్సాండ్రౌలీ, రెండోది ముజురెతూలీ. ఈ రెండూ కలిపి చేసే ఎర్ర వైన్ పేరు ఖ్వాంచ్‌కారా. పల్లె పేరే వైన్ పేరు. ఇది సహజంగా కొంచెం తియ్యగా ఉండే రకం. చక్కెర కలిపి తియ్యగా చేసింది కాదు. ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మన దగ్గర తియ్యటి ఎర్ర వైన్ అనగానే 'ఏదో కలిపి ఉంటారు' అని పక్కన పెట్టేస్తారు.

ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు, ద్రాక్ష పండించేవాళ్ళు ఎవరైనా తమకు తెలిసింది ఇక్కడ రాయండి.

#2 కుతైసిలో కడపవాడు

అక్కా, నమస్తే. నేను కుతైసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నాం, కానీ రాచా గురించి మా బ్యాచ్‌లో ఎవరూ ఇంత వివరంగా చెప్పగా వినలేదు. కుతైసి నుంచి త్కిబులి మీదుగా నకెరాలా కనుమ ఎక్కి, షావోరి చెరువు దాటి వెళ్తే అంబ్రొలౌరి వస్తుంది. మా ఫ్రెండ్స్‌తో సెలవుల్లో వెళ్ళాను. ఊరి నడిబొడ్డున పెద్ద ఖ్వాంచ్‌కారా సీసా విగ్రహం ఉంది, ఫొటోలు దిగకుండా ఎవరూ కదలరు.

నాకో సందేహం. మా ఇంటి ఓనర్ వాళ్ళు ఇంట్లోనే వైన్ చేస్తారు, అది పూర్తిగా డ్రైగా, కొంచెం వగరుగా ఉంటుంది. అదే ద్రాక్షరసం, అదే పులియబెట్టడం. మరి రాచా వాళ్ళ వైన్‌లో తీపి ఎలా మిగులుతుంది? బయోకెమిస్ట్రీ ప్రకారం ఈస్ట్ ఉన్న చక్కెరంతా తినేయాలి కదా?

#3 మల్లెతీగ

తమ్ముడూ, మంచి ప్రశ్న. ఈస్ట్ చక్కెరంతా తినేయడానికి దానికి వెచ్చదనం కావాలి. రాచాలో కోతలు ఆలస్యంగా, అక్టోబరులో జరుగుతాయి. అప్పటికి గింజల్లో చక్కెర బాగా పడుతుంది. రసం పులియడం మొదలైన కొద్ది రోజులకే కొండల్లో చలి దిగుతుంది. భూమిలో పాతిన మట్టి కాగుల్లో ఉన్న రసం కూడా చల్లబడుతుంది. ఈస్ట్ మందగించి, చివరికి పని ఆపేస్తుంది. మిగిలిన చక్కెర వైన్‌లోనే ఉండిపోతుంది. లీటరుకు సుమారు 30 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది. ఆల్కహాల్ 10.5 నుంచి 12 శాతం.

పాతకాలంలో ఇందులో ఒక ఇబ్బంది ఉండేది. చలి పోయి వసంతం రాగానే ఈస్ట్ మళ్ళీ లేచి పులియబెట్టడం మొదలుపెట్టేది. అందుకే ఆ వైన్‌ను దూరం పంపడం కష్టం, చలి ఉన్నన్నాళ్ళు అక్కడే తాగేసేవాళ్ళు. ఇప్పుడు ట్యాంకుల్ని యంత్రాలతో చల్లబరిచి పులియడాన్ని ఆపుతారు, తరువాత సన్నగా వడకట్టి ఈస్ట్ లేకుండా సీసాల్లో నింపుతారు. అప్పుడు చలి చేసిన పనినే ఇప్పుడు కూలింగ్ యంత్రం చేస్తోంది. కాబట్టి ఖ్వాంచ్‌కారా తీపి ఆ లోయ వాతావరణం నుంచి పుట్టిందే అని నిస్సంకోచంగా చెప్పొచ్చు.

మీ ఓనర్ వాళ్ళది ఇమెరేతి పద్ధతి అయి ఉంటుంది. కుతైసి ఇమెరేతిలోనే కదా. అక్కడ చలి ఇంత తొందరగా పట్టుకోదు.

#4 శంషాబాద్ తోట

అమ్మా, బాగా చెప్పారు. మాది రంగారెడ్డి జిల్లా. మా నాన్నగారి కాలం నుంచి ద్రాక్ష. మొదట అనాబ్-ఎ-షాహీ, తరువాత థాంప్సన్ సీడ్‌లెస్. రైతుగా నాకు తెలుసుకోవాలని ఉన్నవి వేరు. వాళ్ళు పందిరి వేస్తారా, కంచె పద్ధతా? కత్తిరింపు ఎప్పుడు? బూడిద తెగులు, బూజు తెగులు ఉన్నాయా? వేరుకి అంటుకట్టేది ఏ రకం? మన దగ్గర డాగ్‌రిడ్జ్ మీద కడతాం, నీటి ఎద్దడినీ చౌడునీ తట్టుకుంటుందని.

#5 కాకసస్ కబుర్లు

శంషాబాద్ అన్నగారికి నేను కొంత చెప్పగలను. ఉద్యోగం మీద జార్జియా రాజధాని త్బిలిసిలో కొన్నేళ్ళు ఉన్నాను, సెలవులన్నీ ద్రాక్షతోటల్లోనే గడిచాయి.

కత్తిరింపు విషయంలో మనకూ వాళ్ళకూ చాలా తేడా. మన తీగకి నిద్ర లేదు, అందుకే మీరు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి తీగను మీ దారికి తెచ్చుకుంటారు. అక్కడ మంచు పడుతుంది. ఆకులన్నీ రాలి తీగ పూర్తిగా నిద్రపోతుంది. ఆ నిద్రలోనో, వసంతానికి ముందో ఒక్కసారే కత్తిరింపు. మొగ్గలు పగిలాక ఆలస్యపు మంచు పడితే మాత్రం ఆ ఏడాది నష్టమే.

ఇప్పుడు తోటలన్నీ దాదాపు కర్రలు, తీగల వరుసలే. కానీ పశ్చిమ జార్జియాలో పాత పద్ధతి ఒకటి ఉండేది, మఘ్లారి అంటారు. తీగను చెట్టు మీదికి పాకించేవాళ్ళు. మల్బరీ చెట్టో, పెర్సిమన్ చెట్టో. కోతకి మనిషి పొడవాటి శంకువు ఆకారపు బుట్టతో చెట్టెక్కి, గుత్తులు కోసి బుట్ట నింపి తాడుతో కిందికి దించేవాడు. గురియా, సమెగ్రెలో, అజారా వైపు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. పడమర వైపు నల్ల సముద్రం గాలికి తేమ ఎక్కువ. నేలకి ఎత్తుగా, గాలి ఆడేచోట గుత్తి ఉంటే తెగులు తగ్గుతుంది. మీ పందిరి వెనక ఉన్న ఆలోచనకి ఇది దగ్గరిదే అనిపిస్తుంది.

తెగుళ్ళ సంగతికొస్తే, 19వ శతాబ్దం మధ్యలో అమెరికా నుంచి యూరప్ మీదుగా బూడిద తెగులు వచ్చింది. దాని వెనకే బూజు తెగులు, వేళ్ళని తినే ఫిలోక్సెరా పురుగు. పడమటి జార్జియా బాగా దెబ్బతింది. చాలా రకాలు అక్కడితోనే పోయాయి. మిగిలినవాటిని మీలాగే అమెరికన్ వేరుమూలాల మీద అంటుకట్టి నిలబెట్టారు. జార్జియాలో మొత్తం 525 దేశీ రకాలు అని లెక్క చెబుతారు, కానీ మార్కెట్‌లో వైన్‌గా కనిపించేవి కొన్ని పదులే. మిగతావన్నీ సేకరణ తోటల్లో బతుకుతున్నాయి. త్బిలిసికి దగ్గర్లో జిఘౌరాలో ప్రభుత్వ పరిశోధన తోట ఉంది, అందులో 400కు పైగా దేశీ రకాలు వరుసగా నాటి పెట్టారు. రైతులకు ధ్రువీకరించిన అంట్లు కూడా ఇస్తారు. ఆ తోటలో వరుసల మధ్య నడిచినప్పుడు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

#6 శంషాబాద్ తోట

చెట్టెక్కి ద్రాక్ష కోయడం మొదటిసారి వింటున్నాను. తమ్ముడూ, చాలా థ్యాంక్స్. దిగుబడి ఎంత వస్తుందో కూడా చెప్పండి. పందిరి మీద అనాబ్-ఎ-షాహీ గుత్తులు దించలేనన్ని వేలాడేవి.

#7 మల్లెతీగ

దిగుబడిలో పోలికే లేదండీ. వైన్ ద్రాక్ష గింజ చిన్నది, తొక్క మందం, రసం తక్కువ. రాచా వాలుల్లో ఇంకా తక్కువ. పెద్దవాళ్ళు కావాలనే గుత్తులు తక్కువ ఉంచుతారు, చక్కెర పడాలని. ట్రాక్టర్ తిరగని వాలు చాలాచోట్ల. చేతి కోతే.

అలెక్సాండ్రౌలీ గుణం చెప్పాలంటే, రంగు మరీ గాఢంగా ఉండదు. వాసనలో రాస్ప్‌బెర్రీ, దానిమ్మ తగులుతాయి. ముజురెతూలీ వాటా తక్కువే, కానీ అది కలవకపోతే ఆ వైన్ ఆ వైన్ కాదని అక్కడి రైతులు అంటారు. పాత తోటల్లో రెండూ కలిసే నాటి ఉంటాయి, కలిపే కోస్తారు.

#8 పొడిరుచి

మీ ఉత్సాహం బాగుంది కానీ నా అభిప్రాయం వేరు. తీపి వైన్ ద్రాక్ష అసలు రుచిని కప్పేస్తుంది. ఖ్వాంచ్‌కారా నేను దుబాయ్‌లో తాగాను, జామ్ కలిపిన నీళ్ళలా అనిపించింది. సోవియట్ మార్కెట్ అలవాటు చేసిన రుచి అది. సీరియస్‌గా వైన్ తాగేవాళ్ళు కఖేతి సపెరవికో, క్వెవ్రిలో (భూమిలో పాతిన మట్టి కాగులో) తొక్కలతో ఉంచిన ర్కత్సితేలికో వెళ్తారు. రాచాకి అంత స్థానం ఇవ్వడం అతి కాదా?

#9 మల్లెతీగ

పొడిరుచి గారూ, మీరు తాగిన సీసా ఎవరు చేశారో చూశారా? రాచా పంట చాలా చిన్నది, కానీ ఖ్వాంచ్‌కారా పేరు ప్రపంచమంతా అమ్ముడుపోతుంది. వేరే ప్రాంతపు ద్రాక్షతో చేసి ఆ పేరు అంటించే మోసం దశాబ్దాలుగా ఉంది. ఆ పేరు ఇప్పుడు చట్టం రక్షించే ప్రాంతీయ పేరు, నిర్ణయించిన పల్లెల్లో పండిన ఆ రెండు ద్రాక్షలకే వాడాలి. అయినా దేశం దాటాక అదుపు కష్టం.

ఇక తీపి విషయం. తీపిని నిలబెట్టేది పులుపు. అలెక్సాండ్రౌలీలో ఆ కొండగాలి వల్ల పులుపు బాగానే మిగులుతుంది. మంచి ఖ్వాంచ్‌కారాని 10, 12 డిగ్రీలకు చల్లబరిచి తాగండి, నోట్లో తీపి ఆగదు, కడిగేసినట్టు వెళ్ళిపోతుంది. వెచ్చగా పోసిస్తే మాత్రం మీరు చెప్పిన జామ్ రుచే వస్తుంది. మన దగ్గర గదిలో ఉన్న వేడికి ఎర్ర వైన్ పోసే అలవాటు దీనికి పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇదే అలెక్సాండ్రౌలీతో ఇప్పుడు చిన్న తయారీదారులు డ్రై వైన్ చేస్తున్నారు. అంబ్రొలౌరి దగ్గర ఒక ఇంట్లో చూరి నుంచి నేరుగా తీసి ఇచ్చారు (క్వెవ్రిని పడమటి వైపు చూరి అంటారు). నోటికి తేలిక, ఎర్రపండ్ల వాసన, సన్నని వగరు. సపెరవి బరువు నచ్చనివాళ్ళకి ఇది తప్పకుండా నచ్చుతుంది. దయచేసి అది ఒక్కసారి తాగి చూశాక మళ్ళీ రాయండి.

#10 పొడిరుచి

డ్రై అలెక్సాండ్రౌలీ ఉందని నాకు తెలియదు. వెతుకుతాను. చల్లబరిచి తాగాలన్న మాట కూడా గుర్తుపెట్టుకుంటాను. తీపి మీద నా అభిప్రాయం మాత్రం ప్రస్తుతానికి అలాగే ఉంచుకుంటాను.

#11 చరిత్ర పుటలు

నేను మందు ముట్టను, కానీ ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. స్టాలిన్‌కి ఇష్టమైన వైన్ ఖ్వాంచ్‌కారా అని ఎక్కడో చదివాను. ఆ పేరుతోనే ప్రచారం జరిగిందా? ఎనిమిది వేల ఏళ్ళ వైన్ చరిత్ర అంటారు, అది రాచాదేనా?

#12 కాకసస్ కబుర్లు

ఎనిమిది వేల ఏళ్ళ ఆధారాలు రాచావి కావు. అవి త్బిలిసికి దక్షిణాన, క్వెమో కార్త్లి ప్రాంతంలో గదచ్రిలి గోరా, షులవేరి గోరా అనే చోట్ల దొరికాయి. కుండ పెంకుల్లో ద్రాక్ష వైన్ తాలూకు ఆమ్లాల జాడలు పట్టుకున్నారు. క్రీస్తుపూర్వం 6000 ప్రాంతానివి. ఆ పరిశోధన 2017లో బయటికొచ్చింది. అంతకు ముందే 2013లో క్వెవ్రి వైన్ తయారీ పద్ధతిని యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

స్టాలిన్ ఇష్టం గురించి జార్జియా అంతా చెప్పుకుంటారు. ఖ్వాంచ్‌కారా అని కొందరు, కిండ్జ్‌మరౌలి అని కొందరు. అమ్మకాలకి ఆ పేరు బాగా పనికొచ్చింది. నాకు బాధ కలిగేది ఏమిటంటే, దానికన్నా ముందు కథ మరుగున పడిపోయింది. ఈ వైన్‌ని పైకి తెచ్చింది కిపియాని ప్రభువుల కుటుంబం. అప్పట్లో దీన్ని 'కిపియాని వైన్' అనే పిలిచేవాళ్ళు. 1907లో బెల్జియంలోని ఒస్టెండ్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. సోవియట్ ప్రభుత్వం వచ్చాక ప్రభువుల పేరు ఉంచరు కదా, 1932లో పల్లె పేరు పెట్టారు. తోటని పెంచి, రకాల పాళ్ళు చూసుకుని, చలికి తగ్గట్టు తయారీ నేర్చుకున్న మనుషుల కష్టం ఒక నియంత పేరు కింద నలిగిపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

సోవియట్ కాలంలో ఇంకో నష్టం కూడా జరిగింది. ఎక్కువ దిగుబడి వచ్చే కొద్ది రకాలనే పెంచమన్నారు. 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ప్రచారం మొదలయ్యాక చాలాచోట్ల తోటలే పీకేశారు. తరువాత 2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతిని నిషేధించింది, 2013 దాకా. అప్పటి వరకు ఎగుమతిలో అత్యధిక భాగం రష్యాకే వెళ్ళేది కాబట్టి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ దాంతోనే నాణ్యత మీద, వేరే దేశాల మార్కెట్ల మీద, మరుగున పడ్డ రకాల మీద దృష్టి పెరిగింది.

#13 చరిత్ర పుటలు

చాలా కృతజ్ఞతలు. అంబ్రొలౌరి దగ్గర నికొర్త్స్‌మిందా చర్చి గురించి నాకు తెలుసు, 1010-1014 మధ్య కట్టింది, బయటి గోడల మీద రాతి చెక్కడాలకి పేరు. ఆ చర్చి ఉన్న లోయే ఈ వైన్ లోయ అని ఇప్పుడే తెలిసింది.

#14 కుతైసిలో కడపవాడు

అక్కా, పక్కనే లెచ్‌ఖుమి అని ఉంది కదా, దాని గురించి చెప్పలేదు. మా క్లాస్‌లో ఒక జార్జియన్ అమ్మాయిది త్సగేరి. వాళ్ళ ఊరి వైపు ఉసఖెలౌరి అనే ద్రాక్ష ఉందట. దాని సీసా ధర విని మేము నోరు తెరిచాం.

#15 మల్లెతీగ

లెచ్‌ఖుమి గురించి రాయాలని దాచుకున్నదే తమ్ముడూ. పరిపాలనలో రాచా, లెచ్‌ఖుమి, దిగువ స్వానేతి ఒకే ప్రాంతం. ఉసఖెలౌరి ఓకురేషి, జూబి పల్లెల చుట్టూ నిటారు వాలుల మీద కొద్దిపాటి నేలలోనే పండుతుంది. పంట కొంచెమే, కొనేవాళ్ళు ఎక్కువ, అందుకే ఆ ధర. ఇది కూడా సహజంగా తియ్యటి ఎర్ర వైనే. అడవి స్ట్రాబెర్రీ వాసన వస్తుంది, పట్టులా జారుతుంది.

తెల్లది కావాలంటే త్విషి. త్సొలికౌరి అనే తెల్ల ద్రాక్షతో, రియోని లోయలో త్విషి పల్లె దగ్గర చేస్తారు. త్సొలికౌరి పడమటి జార్జియా అంతా ఉంది. ఇమెరేతిలో దానితో డ్రై వైన్ చేస్తారు. త్విషి దగ్గర మాత్రం సహజపు తీపి నిలుస్తుంది. రాచాలో ఇంకో తెల్ల రకం కూడా ఉంది, రాచులి తెత్రా. దాన్ని త్సులుకిద్జె తెత్రా అని కూడా అంటారు.

త్విషికి ఈ మధ్య పెద్ద టెన్షన్ వచ్చింది. రియోని మీద నమఖ్వాని జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టబోయారు. జలాశయం వస్తే లోయలో తేమ పెరిగి, గాలి మారి, త్విషి రుచి పోతుందని రైతులు భయపడ్డారు. 2020 శరదృతువు నుంచి లోయలోనే గుడారాలు వేసుకుని చలికాలమంతా కూర్చున్నారు. కుతైసిలోనూ త్బిలిసిలోనూ వేలమంది వాళ్ళకి తోడుగా వచ్చారు. 2021లో కట్టాల్సిన టర్కీ కంపెనీ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. భూకంపాల భయం, ఇళ్ళు మునగడం, ఒప్పందం తీరు లాంటి కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఒక ద్రాక్షకి కావలసిన గాలీ తేమా కూడా ఆ పోరాటంలో ఒక మాటగా నిలిచిందంటే నాకు ఆ రైతుల మీద ఎంతో గౌరవం.

#16 గోదారి గాలి

భూకంపం భయం ఊరికే కాదు. 1991 ఏప్రిల్ 29న రాచాలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఎన్నో పల్లెలు కూలిపోయాయి, కొండచరియలు విరిగిపడ్డాయి. అదే ఏడాది సోవియట్ యూనియన్ కూడా కూలింది. వలస అప్పటి నుంచి బాగా పెరిగింది. ఆ ప్రాంతపు జనాభా 2002 లెక్కల్లో సుమారు 51 వేలు, 2014 నాటికి 32 వేలు. పన్నెండేళ్ళలో మూడో వంతుకు పైగా తగ్గిపోయారు. పిల్లలంతా త్బిలిసికో, విదేశాలకో.

నేను వలసల మీద చదువుకున్నదాన్ని కాబట్టి నా ప్రశ్న ఇది: ఇంత మంచి ధర పలికే ద్రాక్ష ఉండి కూడా మనుషులు ఎందుకు ఆగడం లేదు?

#17 మల్లెతీగ

నాకు అక్కడ కనిపించింది చెబుతాను. ద్రాక్షకి ధర ఉంది, నిజమే. రాచా ద్రాక్ష కిలో ధర మామూలు కఖేతి ద్రాక్షకన్నా బాగా ఎక్కువ. కానీ తోట ఉన్నది ఒక్కో ఇంటికి కొద్దిగానే. తీగ నాటితే మంచి పంటకి కొన్నేళ్ళు ఆగాలి. బడి, ఆసుపత్రి, ఉద్యోగం పట్నంలో. కోత సమయానికి పట్నం నుంచి పిల్లలొస్తారు, అయిపోగానే వెళ్ళిపోతారు. నేను ఉన్న ఇంట్లో ఆ పెద్దావిడ ఏడాదంతా ఒంటరిగానే ఉంటారు. కోతల నాలుగు రోజులూ మాత్రం ఇల్లంతా సందడి.

ఆశ పెట్టే సంగతీ ఉంది. త్బిలిసిలో చదువుకున్న కొందరు యువతీయువకులు తాతల మరాని (అంటే వైన్ చేసి నిలవ ఉంచే గది) మళ్ళీ తెరిచి, తమ పేరుతో సీసాలు నింపుతున్నారు. ద్రాక్ష అమ్మితే ఒకసారే డబ్బు. వైన్‌గా అమ్మితే, దానికి తోడు ఇంట్లో అతిథులకి గది ఇస్తే, ఏడాదంతా ఏదో ఒకటి వస్తుంది. ఆ ఇళ్ళకే వెళ్ళి కొనమని నేను చెప్పేది అందుకే.

#18 శంషాబాద్ తోట

చదువుతుంటే మనసు బరువెక్కింది. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు ఎన్ని ఉండేవో! భూమి రేటు పెరిగింది, కూలీలు దొరకలేదు, నీళ్ళు తగ్గాయి, ఒక్కొక్కరే అమ్ముకున్నారు. మా పక్క తోటలన్నీ ఇప్పుడు ప్లాట్లు. మా పిల్లలకి ఆ ద్రాక్ష రుచే తెలియదు. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం లాంటివి ఉండబట్టి రకం మిగులుతుంది, కానీ రైతు చేతిలో లేని రకం బతికున్నట్టా? వాళ్ళకి వైన్ పేరు, పల్లె పేరు ఒకటే కావడం పెద్ద అదృష్టం. పల్లె పేరుకి చట్టం అండ ఉంది. ఆ అండ వదులుకోవద్దని చెప్పండమ్మా వాళ్ళకి.

#19 పొడిరుచి

మళ్ళీ వచ్చాను. ఇక్కడి ఒక దుకాణంలో డ్రై అలెక్సాండ్రౌలీ దొరికింది, అంబ్రొలౌరి చిరునామాతోనే. మల్లెతీగ గారు చెప్పిన దానిమ్మ వాసన ఉంది. రెండో రోజు ఇంకా బాగుంది. ఈ ద్రాక్షకి నేను ఇచ్చిన స్థానం తక్కువే, ఒప్పుకుంటాను. ఖ్వాంచ్‌కారా కొనేటప్పుడు అసలుదో కాదో లేబుల్ మీద ఏం చూడాలి?

#20 మల్లెతీగ

చాలా సంతోషం అండీ! లేబుల్ మీద రక్షిత ప్రాంతీయ పేరు గుర్తు, కోత సంవత్సరం, రెండు ద్రాక్షల పేర్లు, సీసా నింపిన చోటు చూడండి. అలెక్సాండ్రౌలీ, ముజురెతూలీ పేర్లు లేకుండా ఊరికే 'జార్జియా ఎర్ర తీపి వైన్' అని ఉంటే వదిలేయండి. మరీ చవగ్గా ఉన్నా వదిలేయండి, ఆ వాలుల మీద చేత్తో కోసిన పంట ఆ ధరకి రాదు. కొత్త సంవత్సరాలదే కొనండి, దీన్ని ఏళ్ళ తరబడి దాచి తాగే అవసరం లేదు.

#21 కుతైసిలో కడపవాడు

అక్కా, వచ్చే నెల మా అమ్మానాన్న వస్తున్నారు, రాచా తీసుకెళ్దామనుకుంటున్నాను. నాన్న కొంచెం రుచి చూస్తారు, అమ్మ శాకాహారి. తినడానికి ఏం దొరుకుతుంది?

#22 కాకసస్ కబుర్లు

అమ్మగారికి లొబియాని అడుగు, చిక్కుడు గింజల ముద్ద కూరిన రొట్టె. కానీ రాచాలో అందులో పొగబెట్టిన పంది మాంసం కలుపుతారు, కాబట్టి మాంసం వద్దని ముందే గట్టిగా చెప్పు. పిండిలోనూ కూరలోనూ పంది కొవ్వు లేదని కూడా అడిగి తెలుసుకో. నాన్నగారికి ష్క్మెరులి, పాలు వెల్లుల్లి పోసి వండిన కోడి, అది ష్క్మేరి అనే రాచా పల్లె వంటకమే. దాంతో డ్రై అలెక్సాండ్రౌలీ, చివర్లో వాల్‌నట్లు, జున్నుతో చల్లటి ఖ్వాంచ్‌కారా. కనుమ మీద చలి ఉంటుంది, స్వెట్టర్లు మరచిపోవద్దు.